పొగచుట్టకూ ఓ వయసుంది!

కొత్త బియ్యం అన్నం ముద్దవుతుందని ఏడాది ఆగి పాతబియ్యం వండుకునే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఆవకాయ కలిపిన రోజునే జాడీలో చెయ్యి పెడితే పెద్దవాళ్లు ఊరుకోరు. ఊరాలి... అప్పుడే రుచి! సరిగ్గా ఇదే మాట క్యూబా రైతులు పొగాకు గురించి చెబుతారు. అక్కడ పొలంలో కోసిన ఆకు చుట్టగా మారడానికే రెండు మూడేళ్లు పట్టొచ్చు. చుట్టాక మళ్లీ చెక్కపెట్టెలో ఐదేళ్లో పదేళ్లో నిద్ర. కొన్నయితే పాతికేళ్లు! అంత ఓపిక దేనికి? అన్నాళ్ల ఎదురుచూపులో కష్టమెవరిది, లాభమెవరికి? తెలియాలంటే హవానా నుంచి పడమటి దారి పట్టాలి.

ఎర్రమట్టి దారిలో...

హవానా నగరం దాటి పడమరగా వెళ్తే రెండున్నర మూడు గంటల ప్రయాణంలో పినార్ డెల్ రియో రాష్ట్రం వస్తుంది. రోడ్డు మీద 1950ల నాటి అమెరికన్ కార్లు, పక్కనే గుర్రపుబళ్లు. దారి పొడవునా రాజఠీవితో నిలబడ్డ తాటిజాతి చెట్లు. రాయల్ పామ్ అనే ఆ చెట్టు క్యూబాకు జాతీయ వృక్షం. కాస్త లోపలికి వెళ్లేసరికి నేల రంగు మారిపోతుంది. ఎర్రటి మట్టి. దాని మీద పచ్చటి పొగాకు మళ్లు. అరక కట్టిన ఎడ్లు. అచ్చం మన పల్లె చూస్తున్నట్టే ఉంటుంది.

వీన్యాలెస్ లోయలో మాత్రం దృశ్యం వేరు. చదునైన పొలాల మధ్యలోంచి హఠాత్తుగా నిట్టనిలువుగా లేచిన సున్నపురాయి గుట్టలు. దూరం నుంచి చూస్తే పడుకున్న ఏనుగుల మందలా కనిపిస్తాయి. వీటిని అక్కడివాళ్లు మొగోటెలంటారు. మన బొర్రా గుహల్ని తొలిచింది కూడా ఇలా సున్నపురాయిని కరిగించే నీళ్లే. కొండల అందానికీ, వాటి నీడలో తరాలుగా మారని పొగాకు సేద్యానికీ కలిపి 1999లో యునెస్కో ఈ లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

అసలు బంగారం పండేది మాత్రం ఇంకాస్త నైరుతిగా వెళ్తే వచ్చే వ్యూల్టా అబాహో ప్రాంతంలో. సాన్ లూయిస్, సాన్ హువాన్ యి మార్టినెజ్... ఈ రెండూ చిన్న ఊళ్లే. కానీ ప్రపంచంలో ఏ మూల చుట్టల మీద మోజున్నవాళ్లను కదిపినా ఈ పేర్లు చెబుతారు. నీరు నిలవని తేలికపాటి ఇసుక నేల, సముద్రపు గాలి, చలికాలంలో వాన లేని ఎండ... ఇవన్నీ కుదిరిన చోటు అది.

1492లో కొలంబస్ క్యూబా తీరానికి వచ్చినప్పుడు ఆయన మనుషులు రోడ్రిగో డి హెరెజ్, లూయిస్ డి టోరెస్ దీవి లోపలికి వెళ్లారు. అక్కడి టైనో తెగవాళ్లు ఎండుటాకుల్ని చుట్టి, ఒక చివర నిప్పంటించి పొగ పీలుస్తుంటే నోరెళ్లబెట్టారు. యూరప్‌వాళ్లు పొగాకు తాగడాన్ని చూడటం అదే మొదలు. గుంటూరు రైతు ఇంటిదాకా, గోదావరి లంకదాకా వచ్చిన మొక్క ప్రయాణం అక్కడే మొదలైంది.

ఆకు కోసం ఓ ఇల్లు

సెప్టెంబరు, అక్టోబరుల్లో నారు పోస్తారు. గింజ ఎంత సన్నమంటే గుప్పెట్లో వేలకు వేలు పడతాయి. నెలన్నర తరవాత నాటు. జనవరి నుంచి కోత. కోత అంటే మొక్క మొత్తాన్ని నరికేయడం కాదు. అడుగు నుంచి పైకి, విడతకు రెండు మూడు ఆకుల చొప్పున చేత్తో తుంచాలి. ప్రతి విడతకీ మధ్య రోజుల తరబడి విరామం. కింది ఆకు పలచన, తొందరగా కాలుతుంది. దాన్ని వొలాడో అంటారు. నడుమ ఆకు సెకో... వాసన దానిదే. ఎండ బాగా తిన్న పై ఆకు లిహెరో... ఘాటు దానిది. కొన్ని మొక్కలకు మాత్రమే, చిట్టచివర రెండే రెండు ఆకులు ఇంకా చిక్కగా వస్తాయి. వాటి పేరు మెడియో టియెంపో. 2010లో వచ్చిన కోహిబా బెహికే చుట్టల ప్రత్యేకత ఈ ఆకే.

చుట్టకు పైన కనిపించే పొర ఆకును మాత్రం అసలు ఎండకే చూపించరు. పొలం మొత్తం మీద పలచటి తెల్లబట్ట పందిరి వేస్తారు. కొత్త పెళ్లికూతురిలా ఆ నీడలోనే పెరుగుతుంది. అందుకే అంత నునుపు.

కోసిన ఆకులు చేరేది పొలంలోనే ఉన్న ఎత్తయిన కొట్టానికి. చెక్కగోడలు, తాటాకు కప్పు. ఉదయపు ఎండ ఒక వైపు, సాయంత్రపు ఎండ ఇంకో వైపు తగిలేలా తూర్పు పడమరలుగా కడతారు. లోపల ఆడవాళ్లు సూదీదారంతో ఆకుల్ని జంటలుగా కుట్టి పొడవాటి కర్రలకు వేలాడదీస్తారు. రోజులు గడిచేకొద్దీ కర్రల్ని పై అంతస్తులకు జరుపుతూ పోతారు. ఆకుపచ్చ పసుపవుతుంది, పసుపు గోధుమరంగవుతుంది. దాదాపు 50 రోజులు. ప్రకాశం జిల్లా రైతుల బ్యారన్‌లో పొయ్యి రాజేసి కొద్దిరోజుల్లో కాల్చే వర్జీనియా పొగాకుకూ దీనికీ తేడా ఇక్కడే. ఇక్కడ నిప్పు లేదు. గాలీ, కాలమూ... అంతే!

ఈ పనిలో తలపండిన రైతు అలెహాండ్రో రొబైనా. 1919లో పుట్టిన ఆయన సాన్ లూయిస్ దగ్గరి సొంత పొలంలోనే జీవితమంతా గడిపారు. విప్లవం తరవాత భూములన్నీ సర్కారు చేతికి పోతున్నా ఆయన కుటుంబ సేద్యాన్నే నమ్ముకున్నారు. పొర ఆకు పండించడంలో ఆయనకు సాటిలేరన్న పేరుతో 1997లో ప్రభుత్వమే ఆయన పేరిట వెగాస్ రొబైనా అనే చుట్టల బ్రాండు తెచ్చింది. బతికుండగా ఓ రైతుకు అలాంటి గౌరవం అరుదు. 2010లో ఆయన కన్నుమూశారు.

ఘాటు దిగాలంటే...

ఎండిన ఆకును అప్పుడే కాలిస్తే గొంతు పట్టేస్తుంది. అందులో ఉన్న ఘాటు, వగరు దిగాలి. అందుకే ఆకుల్ని కాస్త తడిపి పోగులు పెడతారు. లోపల తనంతట తానే వేడి పుడుతుంది. గడ్డివామిలో చెయ్యి పెడితే తగిలే వెచ్చదనం లాంటిదే. మొదటి విడతలో 35 డిగ్రీలు దాటనివ్వరు. తరవాత ఈనెలు తీసి, రకాలుగా ఏరి మళ్లీ పెద్ద పోగులు వేస్తారు. ఈసారి 42 డిగ్రీల దాకా. కత్తిలాంటి పొడవాటి ఉష్ణమాపకాన్ని పోగులోకి గుచ్చి చూస్తుంటారు. హద్దు దాటితే పోగు విప్పి, ఆకు చల్లార్చి, కిందివి పైకీ పైవి కిందికీ మార్చి మళ్లీ పేరుస్తారు. మూడోరోజు ఆవకాయ తిరగగలిపినట్టన్నమాట!

ఆ గదుల్లోకి కొత్తవాళ్లు వెళ్తే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. కారణం అమ్మోనియా. ఆకులో ఉన్న మాంసకృత్తుల్లాంటి పదార్థాలు విరిగి అమ్మోనియాగా బయటకు పోతుంటాయి. ఎంత పోతే పొగ అంత మెత్తబడుతుంది.

ఆ తరవాత మూటలు కట్టి గోదాముకు. పొర ఆకులకైతే రాయల్ పామ్ మట్టల్లోనే మూట. వొలాడో ఏడాదిలోపే సిద్ధమవుతుంది. లిహెరోకు కనీసం రెండేళ్లు. మెడియో టియెంపోకు మూడేళ్లు. కోహిబాకు వాడే ఆకుల్లో కొన్నిటిని మూడోసారి చెక్కపీపాల్లోనూ పులియబెడతారు. ఇదంతా చుట్ట చుట్టకముందు కథ!

నవలలు వినే చేతులు

మూటలు మళ్లీ హవానా దారి పడతాయి. 1845లో మొదలైన పార్టగాస్, 1844 నాటి హెచ్ ఉప్‌మన్... ఈ పేర్లతో ఉన్న ఫ్యాక్టరీల్లో బడిలో బల్లల్లా వరసలు. ఒక్కో బల్ల ముందు ఒక్కో మనిషి. చుట్టేవాళ్లను టోర్సెడోర్ అంటారు. పనిముట్లు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. ఓ చెక్కపలక, చవేటా అనే వంపు కత్తి, కాస్త చెట్టుబంక. లోపలి ఆకుల్ని విసనకర్రలా మడిచి, మధ్యలో గాలికి సన్నటి దారులు ఉంచుతూ, ఇంకో ఆకుతో బిగించి, పైన పొర చుట్టేస్తారు. సైజును బట్టి చేయి తిరిగినవాళ్లు రోజుకు వంద దాకా చుడతారు.

చేతులు పనిచేస్తుంటే చెవులు ఖాళీగా ఉండకూడదని 1865లో హవానాలోని ఎల్ ఫిగారో ఫ్యాక్టరీలో ఓ ఏర్పాటు చేశారు. ఎత్తయిన పీట మీద కూర్చుని ఒకరు బిగ్గరగా చదువుతుంటే మిగతావాళ్లు వింటూ పనిచేస్తారు. పొద్దున పత్రిక, తరవాత నవల. కార్మికులకు అలెగ్జాండర్ డ్యూమా రాసిన మాంటెక్రిస్టో కథ అంటే ఎంత ఇష్టమంటే... 1935లో పుట్టిన చుట్టల బ్రాండుకు ఆ పేరే పెట్టేశారు. ఈ చదివి వినిపించే సంప్రదాయాన్ని 2012లో క్యూబా జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది.

చుట్టినవాటిని వెంటనే పెట్టెల్లోకి ఎక్కించరు. చుట్టేటప్పుడు ఆకు విరగకుండా తడి చేస్తారు కదా... ఆ తడి ఆరేదాకా సెడార్ చెక్క బీరువాలున్న చల్లటి గదిలో ఉంచుతారు. రంగుల వారీగా ఏరడం, కాగితపు ఉంగరం తొడగడం ఆ తరవాతే.

చుట్టకు 'జబ్బు' చేస్తే...

ఇక్కడో తమాషా ఉంది. బల్ల మీంచి అప్పుడే తీసిన చుట్ట బాగుంటుంది. ఫ్యాక్టరీ పనివాళ్లకు, పొలంలో రైతులకు అలవాటైంది ఆ తాజా రుచే. కానీ కొన్ని వారాలు గడిచాయా... అదే చుట్ట చేదెక్కుతుంది, అమ్మోనియా కంపు కొడుతుంది. తడి తగిలిన ఆకులో పులియడం మళ్లీ మొదలవడమే కారణం. చుట్టల ప్రియులు దీన్ని 'జబ్బు కాలం' అంటారు. కొన్ని నెలల్లో తగ్గుతుంది. ఘాటైన ఆకులున్నవాటికి ఏడాదీ రెండేళ్లూ పట్టొచ్చు.

హాంకాంగ్‌కు చెందిన మిన్ రాన్ నీ 2003లో హవానా చుట్టల మీద ఓ భారీ విజ్ఞాన గ్రంథం తెచ్చారు. చుట్ట వయసును అందులో దశలుగా విడగొట్టి చెప్పారు. మొదట జబ్బు కాలం. అది తగ్గాక మొదటి పక్వం... అమ్మోనియా పోయి రుచి తేటపడుతుంది. సంవత్సరాలు గడిచాక రెండో పక్వం... వగరుకు మూలమైన టానిన్లు విరిగి పొగ మెత్తబడుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లు దాటాక మూడో పక్వం... ఘాటు దాదాపు పోయి సన్నటి పరిమళమే మిగులుతుంది. అన్నీ ఆ దశకు చేరవు. బలమైన ఆకున్న చుట్టే అంతకాలం నిలబడుతుంది. తేలికపాటివాటిని పదేళ్లు దాచితే మిగిలేది ఎండుటాకు వాసనే. పాత చింతపండుకు విలువుంది కదా అని కొత్తిమీరను దాచుకుంటే ఏమవుతుంది? ఇదీ అంతే!

అందుకే అనుభవమున్నవాళ్లు ఒకే రకం పెట్టెలు రెండు కొంటారట. ఒకదాన్నుంచి ఏడాదికో రెండో తీసి రుచి ఎక్కడిదాకా వచ్చిందో చూస్తారు. అది పరాకాష్ఠకు చేరిందనిపించినప్పుడే రెండో పెట్టె మూత తెరుస్తారు.

వేపకు దూరపు చుట్టం

వయసు ఊరికే రాదు. ఇల్లు సరిగ్గా ఉండాలి. 65 నుంచి 70 శాతం తేమ, 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం... హవానా చుట్టలు దాచేవారు పాటించే లెక్క ఇది. తేమ ఎక్కువైతే బూజు, తక్కువైతే ఆకులోని నూనెలు ఆరిపోతాయి. ఒకసారి ఆరిన నూనె ఎన్ని నీళ్లు చల్లినా తిరిగిరాదు.

పెట్టె లోపలి చెక్కను స్పానిష్ సెడార్ అంటారు. నిజానికి అది స్పెయిన్‌దీ కాదు, దేవదారూ కాదు. లాటిన్ అమెరికాలో, కరీబియన్ దీవుల్లో పెరిగే చెట్టు. శాస్త్రవేత్తల లెక్క ప్రకారం మన వేపచెట్టు కుటుంబానిదే! మహాగని కూడా ఆ కుటుంబమే. తేమను పీల్చుకుని అవసరమైనప్పుడు వదులుతుంది. దాని వాసన చుట్టకు పడుతుంది. పురుగుల్నీ కొంత దూరంగా ఉంచుతుంది.

కొంతే! ఎందుకంటే చుట్టలకు అసలైన శత్రువు పొగాకు పెంకుపురుగు. ఇది మనకు కొత్తదేం కాదు. వంటింట్లో పసుపుకొమ్ములకు, ఎండుమిర్చికి చిల్లులు పెట్టే పురుగు ఇదే. దాని గుడ్లు ఆకులో కంటికి కనపడకుండా ఉండిపోతాయి. గది వేడి 24 డిగ్రీలు దాటిందంటే పిల్లలు బయటికొచ్చి గుండుసూది చిల్లులు మొదలెడతాయి. ఒక్క చుట్టలో మొదలై పెట్టె మొత్తం పొడి చేసేస్తాయి. ఇక మన విజయవాడ, రామగుండం ఎండల్లో సంగతి చెప్పేదేముంది!

తేమ కొలిచే మీటరు సరిగ్గా చెబుతుందో లేదో తేల్చుకోవడానికి ఓ వంటింటి చిట్కా ఉంది. చిన్న మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేలా నాలుగు చుక్కల నీళ్లు కలిపి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో ఓ రోజు పెట్టాలి. తడి ఉప్పు చుట్టూ గాలిలో తేమ ఎప్పుడూ 75 శాతమే ఉంటుంది. మీటరు ఇంకో అంకె చూపిస్తే తప్పు దానిదే.

పాత చుట్టల మీద తెల్లటి పొడి కనిపిస్తే 'నూనె గడ్డకట్టింది, గొప్ప లక్షణం' అని మురిసేవాళ్లు ఒకప్పుడు చాలామంది. అది చాలావరకు బూజేనని ఇప్పుడు అనుభవజ్ఞులు ఒప్పుకుంటున్నారు.

పుట్టినరోజు పెట్టె అడుగున

హవానా చుట్టల పెట్టె చేతికిస్తే తెలిసినవాళ్లు ముందు తిరగేసి అడుగు చూస్తారు. 1985 నుంచి ఏ ఫ్యాక్టరీలో, ఎప్పుడు పెట్టెకెత్తారో అక్కడ ముద్ర వేస్తున్నారు. మొదట్లో తేదీ రహస్య లిపిలో ఉండేది. 'నివెల్ అకుసో' అనే పది అక్షరాల స్పానిష్ మాటల్లో ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె. ఆ కిటుకు తెలిసినవాళ్లే వయసు చెప్పగలిగేవారు. 2000 నుంచి నెల, సంవత్సరం నేరుగా కొడుతున్నారు. దాంతో పెట్టెకు వయసుతో పాటు వెలా పెరిగింది.

వయసు పోయించే పని ఎక్కువగా జరిగింది క్యూబాలో కాదు... లండన్‌లో! సెయింట్ జేమ్స్ వీధి 19వ నంబరులో ఉన్న చుట్టల దుకాణానికి చర్చిల్ 1900 నుంచి ఖాతాదారు. అప్పట్లో రాబర్ట్ లూయిస్ పేరుతో ఉన్న ఆ కొట్టు ఇప్పుడు జేజే ఫాక్స్‌ది. 1895లో యువ సైనికాధికారిగా క్యూబా వెళ్లినప్పటి నుంచీ చర్చిల్‌ను ఆ రుచి వదల్లేదు. ఇంగ్లండ్ చల్లటి నేలమాళిగలు చుట్టలకు బాగా సరిపడ్డాయి. అక్కడి వ్యాపారులు ఖాతాదార్ల పెట్టెల్ని ఏళ్ల తరబడి తమ దగ్గరే దాచిపెట్టేవారు. జెనీవాలో జినో డేవిడాఫ్ కూడా తన దుకాణం కింద ఇలాంటి గదినే కట్టించి పేరు తెచ్చుకున్నారు.

అమెరికాలో కథ వేరే. 1962 ఫిబ్రవరిలో క్యూబా వ్యాపారం మీద నిషేధం విధించే కాగితం మీద సంతకం పెట్టడానికి ముందు కెనెడీ తన పత్రికా కార్యదర్శి పియర్ శాలింజర్‌ను పిలిచారు. రేపటికల్లా వెయ్యి చుట్టలు కావాలన్నారు. తెల్లారేసరికి 1,200 వచ్చాయి. అప్పుడే సంతకం పడింది! ఈ సంగతి శాలింజరే తరవాత చెప్పారు. నిషేధానికి ముందు అమెరికా చేరిన చుట్టలు ఆ తరవాత పురావస్తువులయ్యాయి. కెనెడీ చుట్టల పెట్టె... అదీ ఖాళీది... 1996 వేలంలో 5,74,500 డాలర్లు పలికింది.

తొందరకు ఎంత ఖరీదు?

ఇంతకీ ఈ ఆగే పనిని క్యూబాయే చేయొచ్చు కదా? చేయొచ్చు. కానీ ఆగాలంటే చేతిలో డబ్బుండాలి. గిట్టుబాటు ధర వచ్చేదాకా ధాన్యాన్ని ఇంట్లో దాచుకోగలిగేది ఎవరో మన రైతులకు తెలియంది కాదు. అప్పున్నవాడు కళ్లంలోనే అమ్ముకుంటాడు.

1979, 80ల్లో నీలిబూజు తెగులు క్యూబా పొగాకును తుడిచిపెట్టేసింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 1991లో సోవియట్ యూనియన్ కూలాక ఎరువులకు, డీజిలుకు, ఆఖరికి తిండికీ కటకటే. సరిగ్గా అదే సమయంలో ప్రపంచమంతా చుట్టల మోజు మొదలైంది. డాలర్ల కోసం దేశం తొందరపడింది. కొత్తవాళ్లకు హడావుడిగా చుట్టడం నేర్పారు. ఆకు ఊరే గడువులు కుదించారు. ఫలితం... 1990ల చివర్లో వచ్చిన చుట్టల్లో పొగే రానివి, చేదుగా ఉన్నవి కోకొల్లలు. పేరు దెబ్బతింటుందని గ్రహించాక గాలి ఆడుతుందో లేదో పరీక్షించే యంత్రాలు పెట్టారు.

వయసుకు కూడా ధర కట్టడం నేర్చుకున్నారు. 2000 నుంచి 'ఎడిషియోన్ లిమిటాడా' పేరిట పొర ఆకును కనీసం రెండేళ్లు ఊరబెట్టిన చుట్టలు. మూడేళ్ల ఆకుతో 'రెసెర్వా', ఐదేళ్ల ఆకుతో 'గ్రాన్ రెసెర్వా'. 2015లో ఇంకో అడుగు వేసి, చుట్టేశాక ఐదు నుంచి ఎనిమిదేళ్లు క్యూబాలోనే దాచిన 'అన్యెహాడోస్' తెచ్చారు. 2022లో కోహిబా, ట్రినిడాడ్ చుట్టల ధరల్ని ప్రపంచమంతా హాంకాంగ్ స్థాయికి పెంచేశారు. కొన్ని దేశాల్లో ఒక్కసారిగా రెట్టింపు, అంతకన్నా ఎక్కువ! 2023లో క్యూబా చుట్టల అమ్మకాలు 72 కోట్ల డాలర్లు దాటాయి. ఎక్కువ సొమ్ము వచ్చింది చైనా నుంచి.

పొలంలో లెక్క మాత్రం మారలేదు. రైతు పంటలో పదింట తొమ్మిది వంతులు సర్కారుకు, అది చెప్పిన ధరకే ఇవ్వాలి. మిగిలిన ఒక్క వంతుతో చుట్టుకున్న ఉంగరం లేని చుట్టల్ని వీన్యాలెస్ రైతులు తేనెలో ముంచి పర్యాటకులకు రుచి చూపిస్తుంటారు. ఐదేళ్లు ఊరిన గ్రాన్ రెసెర్వా చుట్ట ధర, దాన్ని చుట్టిన మనిషి నెల జీతానికి అందేది కాదు.

మన లంకాకు సంగతి

ఊరబెట్టిన ఆకు మనకూ ఉంది. గోదావరి వరద ఏటా మేట వేసే లంకల్లో పండే లంక పొగాకుకు పేరు ఇంగ్లండ్ దాకా వెళ్లింది. 1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో బూడిదను చూసి చుట్ట రకం చెప్పగలనంటూ హోమ్స్ పేర్కొన్న 'లుంకా' మరేదో కాదు... మన లంకే! గిరీశం నుంచి లంక రైతుదాకా చుట్ట మీద మమకారం తెలుగువాళ్లకు తక్కువేం కాదు. పొగాకు పరిశోధన కోసం 1947లో కేంద్ర సంస్థ వెలిసింది కూడా గోదావరి ఒడ్డున రాజమండ్రిలోనే.

కాకపోతే మన ముసలివాళ్లు చుట్టను దాచింది లేదు. ఊరిన ఆకును రొంటిన పెట్టుకుని, కావాల్సినప్పుడు చుట్టి, అప్పుడే ముట్టించేవారు. వ్యూల్టా అబాహో రైతు చేసేదీ అదే. ఆకు ఊరేదాకా ఆగడం ఇద్దరికీ తెలుసు. చుట్ట ముసలిదయ్యేదాకా ఆగే సరదా మాత్రం ఇంకెవరిదో.

ఎంత ఊరినా పొగ పొగే!

వయసు ముదిరిన చుట్టలో ఘాటు తగ్గుతుంది కాబట్టి హాని కూడా తగ్గుతుందనుకుంటే పొరపాటు. కాలే ఆకు ఏదైనా తారు, కార్బన్ మోనాక్సైడ్ వదలాల్సిందే. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1998లో చుట్టల మీద ప్రత్యేక నివేదిక వెలువరించింది. నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు చుట్టలు కారణమవుతాయని తేల్చింది. పెద్ద చుట్ట ఒక్కదానిలో పెట్టెడు సిగరెట్లంత పొగాకు ఉండొచ్చు. ఉత్తరాంధ్ర తీరంలో నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిలికి ఏమవుతుందో మన వైద్యులు దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నారు. అంతెందుకు... కోహిబా పుట్టిందే ఫిడెల్ క్యాస్ట్రో కోసం. ఆయనే 1985లో చుట్ట మానేశారు!

తుపాను తరవాత...

2022 సెప్టెంబరు 27న ఇయాన్ తుపాను నేరుగా పినార్ డెల్ రియోను తాకింది. తెల్లారేసరికి వేలాది కొట్టాలు నేలమట్టం. రొబైనా కుటుంబం కొట్టాలూ మిగల్లేదు. నారు పోసే అదనులో కప్పుకు తాటాకు లేదు, మేకుల్లేవు, కలప లేదు. దానికితోడు కరెంటు కోతలు, డీజిలు కరవు. 2021 తరవాత లక్షలాది మంది దేశం వదిలి వెళ్లిపోయారు. వాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లే. చవేటా పట్టడం నేర్చుకోవడానికి నెలలు, చేయి తిరగడానికి ఏళ్లు పడుతుంది. ఆకును దాచొచ్చుగానీ చేతి పనిని పెట్టెలో పెట్టి దాచలేం కదా!

అయినా పడిపోయిన కొట్టాల కలప ఏరుకుని రైతులు మళ్లీ కట్టడం మొదలుపెట్టారు. ముందు పొర ఆకుకు సరిపడా, తరవాత మిగతావాటికి. ఆ కొట్టాల్లో వేలాడిన ఆకు పోగులు దాటి, మూటలు దాటి, బల్లల మీదికొచ్చి చుట్టలవుతుంది. వాటిలో కొన్ని పెట్టెలు ఏ చల్లటి నేలమాళిగలోనో 2040ల దాకా నిద్రపోతాయి. అప్పుడు మూత తెరిచిన పెద్దమనిషి అడుగున ఉన్న ముద్ర చదివి వయసు లెక్కపెడతాడు. తుపాను మర్నాడు తాటాకు మోసిన భుజాల లెక్క మాత్రం ఆ ముద్రలో ఉండదు.